పెండ్లికూతురి రవిక, పాతచీర అంచు

వివాహవేళ వధువు ధరించు వస్త్రములు రెండు విధములు. మగ్గము మీద పుట్టి, కత్తెర నెఱుగక, ఒంటికి చుట్టబడునవి మొదటివి. చీరయు, మధుపర్కమును ఈ కోవకు చెందును. కొలతవేసి, కత్తిరించి, కుట్టబడునది రవిక. చీర శతాబ్దముల నాటిది. రవిక నేటి రూపమున మనకు కొంత క్రొత్తది. అయినను కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతముల యిండ్లలో నేడు పెండ్లి నిశ్చయమైనంతనే తలచుకొను పనులలో రవికపై అల్లికపని చేయించుట యొకటి. ఈ చిన్న వస్త్రము వెనుకనున్న చరిత్రను, దాని నిర్మాణక్రమమును, మన పాతచీరలతో దానికి ఉండదగిన చుట్టరికమును విచారించుట ఈ వ్యాసము నుద్దేశము.

పాశ్చాత్యదేశములలో వధువు దుస్తు సర్వము కత్తెర, సూదుల సృష్టియే. 1947 నవంబరు 20వ తేదీన జరిగిన ఎలిజబెత్తు రాకుమారి వివాహమునకు నార్మన్ హార్ట్‌నెల్ అను రూపకర్త దుస్తును కల్పించెను. దానిపై సుమారు 10,000 చిన్న ముత్యములు కుట్టబడెను. యుద్ధానంతరపు కొఱత దినములగుటచే ఆ రాకుమారి సైతము రేషను కూపనులతోనే బట్టను సంపాదింపవలసి వచ్చెను. అట్టి దుస్తు ఒక వధువు కొలత నుండి పుట్టును. మఱియొకతెకు సరిపడుట అరుదు. మన చీర అట్టిది కాదు. అవ్వ కట్టిన చీరను మనుమరాలు కట్టవచ్చును. కొలత లేనిదగుటచేతనే చీర తరములు దాటగలుగుచున్నది.

మధుపర్కమను మాట చరిత్రయు ఆసక్తికరమైనది. తేనె, పెరుగు మొదలగువాని కలయికతో వరునికి చేయు సత్కారమునకు మధుపర్కమని పేరు. ఆ వేళ ఇచ్చు నూలుబట్టలకు క్రమముగా అదే పేరు స్థిరపడెను. తెల్లని నేత, ఎఱ్ఱని అంచు, పసుపు పూత వాని లక్షణములు.

నూలు మనవారికి పరాయిది కాదు. విజయనగర కాలమునను, 16వ శతాబ్దిలో నెలకొన్న మధుర నాయకరాజుల కాలమునను దక్షిణమునకు తరలివచ్చిన తెలుగు కుటుంబములలో పెక్కు ఈ ప్రాంతపు నల్లరేగడి భూములలో స్థిరపడెను. తమిళులు ‘కరిసల్’ అనునది ఈ నేలనే. పత్తి దీని ప్రధానధనము. 1901లో కోవిల్పట్టిలో స్థాపితమైన వ్యవసాయ పరిశోధనా కేంద్రము కరుంగణ్ణి పత్తి మొదలగు మెట్టపైరులపై కృషి చేసెను. విరుదునగరము పత్తి వర్తకమునకు పేరు పొందెను. 1910లో కోయంబత్తూరున జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీమిల్లు సంస్థకు తరువాత కోవిల్పట్టిలోను నూలుమిల్లు ఏర్పడెను. పత్తిని దున్ని, ఏరి, వడికించిన చేతులు మనవారివి.

పెండ్లిపట్టు మాత్రము కాంచీపురము వంటి నేతయూళ్ళనుండి రావలసినదే. అచటి నేతగాండ్రలోను తెలుగు మాట్లాడు పద్మశాలి, దేవాంగ కుటుంబములు కలవు. కంచినేతలో ఒడలునకు ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు, మొత్తము మూడు నాడెలు నడచును. అంచునాడెను త్రోయుటకు నేతగాని ప్రక్క మఱియొకరు కూర్చుండుట పరిపాటి. ఒడలి రంగును అంచు రంగును కలియుచోట దారములను ఒకదానితో నొకటి పెనవేయుదురు. ఈ పనికి ‘కోర్వై’ అని పేరు. పట్టుదారము చుట్టు వెండితీగెను చుట్టి బంగారుపూత వేసినది మేలిజరీ.

ఇక రవిక మాట. ఈ పదము తెలుగున పాతదే. కాని ఒంటికి అమరునట్లు కొలతవేసి కుట్టిన రవిక 19వ శతాబ్ది చివరను, 20వ శతాబ్ది మొదటను కుట్టుమిషనుతోపాటు వ్యాపించెను. బుట్టచేతులు, పొడుగుచేతులు, లోతుమెడలు కాలానుగుణముగా వచ్చుచు పోవుచు నున్నవి. దానిపై చేయు అల్లికకు ముఖ్యముగా రెండు మూలములు. మొదటిది జర్దోసీ. పారసీకమున ‘జర్’ అనగా బంగారము. ‘దోజీ’ అనగా కుట్టుట. మొగలుల కొలువులలో వర్ధిల్లిన ఈ విద్య హైదరాబాదు మొదలగు నగరములలో నిలిచెను. రెండవది ఆరీ. సంస్కృతమున ‘ఆరా’ అనగా తోలు కుట్టు సూది. కచ్ఛ, గుజరాతు ప్రాంతముల మోచీలు తోలుపై ఆడించిన కొక్కెపుసూదియే పట్టుపైకి వచ్చినది. తమిళనాట ఈ పనిని ‘ఆరి వేలై’ యందురు. ఆంధ్రదేశమున ‘మగ్గము పని’ యందురు. బట్టను బిగించు కఱ్ఱచట్రము నేతమగ్గమును తలపించును గదా!

ఈ పని జరుగు తీరు తెలిసికొనదగినది. మొదట ఛాతి, నడుము, భుజము, చంక, చేతిపొడవు, మెడలోతు కొలతలు తీయుదురు. బట్టను వెంటనే కత్తిరింపరు. ముక్కల హద్దులను దానిపై గీసి, కుట్టుకు వలయు బట్టను చుట్టును వదలుదురు. చిత్రమును పలుచని కాగితముపై వ్రాసి, గీత వెంబడి సూదితో రంధ్రములు పొడిచెదరు. కాగితమును బట్టపై పరచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడిని గుడ్డతో రుద్దగా, రంధ్రములగుండా దిగి చిత్రము చుక్కలై నిలుచును. పిమ్మట బట్టను చట్రమునకు బిగించి లాగి కట్టుదురు. పనిచేయు వారు ఒక చేతితో క్రిందినుండి దారము నందించుచు, రెండవ చేతితో కొక్కెపుసూదిని పైనుండి దింపి దారమును పైకి లాగగా గొలుసుకుట్టు పడును. జర్దోసీ తీగెచుట్టలను చిన్న తునుకలుగా కోసి, పూసలవలె సూదికి గ్రుచ్చి కుట్టుదురు. ముత్యములు, కుందనములు, చమ్కీలు తరువాత చేరును. అల్లిక ముగిసిన పిమ్మటనే కత్తెర పట్టుదురు. పని బరువును బట్టి దీనికి కొన్ని దినములు మొదలు కొన్ని వారముల వఱకు పట్టును. కావున కన్నును, వెన్నును వంచి చేయు ఈ పనిని ముహూర్తము ముంచుకొని వచ్చిన పిమ్మట అప్పగించుట న్యాయము కాదు.

అసలు ప్రశ్న చిత్రమును గూర్చినది. నేడు చేతిఫోనులో కనబడిన నెమలి, పల్లకిలోని వధూవరులు, ఏనుగు అన్ని యూళ్ళ రవికలపైన ఒకే తీరున వెలయుచున్నవి. కంప్యూటరు యంత్రములు వానినే వేలకొలది కుట్టుచున్నవి. మనకు మాదిరులు లేకనా? 16వ శతాబ్దపు లేపాక్షి వీరభద్రాలయ చిత్రములలో స్త్రీల చీరలపైనున్న పూలు, గళ్ళు, అంచులు నేటికిని రూపకర్తలకు నిధి. అంత దూరము పోనక్కఱలేదు. అవ్వ పెట్టెలోని కంచిపట్టును విప్పిన మొగలిరేకు, రుద్రాక్ష, నెమలికన్ను, గోపురము, మామిడిపిందె కనబడవచ్చును. ఆ అంచునే రవిక చేతికి ఎత్తి వ్రాయించినచో, అది మఱియొక యింట దొరకని రవిక యగును.

కాని ఆ పెట్టెలు నానాటికి ఖాళీ యగుచున్నవి. పాత జరీచీరలను కొనువారు వీథులవెంట వచ్చి, తూకమునకు ధర కట్టి తీసికొనిపోవుదురు. వాని నుండి వెండి తీయుటకై జరీని కాల్చుదురు. ఇంటికి దక్కునది కొద్ది పైకము. దగ్ధమగునది మాత్రము నేతగాని లెక్క, అంచు పేరు, పెండ్లి జ్ఞాపకము. జీర్ణమైన చీరను కట్టలేము, నిజమే. అయినను జానెడు అంచు చాలును, మాదిరి నిలుచుటకు.

కోవిల్పట్టి చెంతనున్న ఇడైసేవల్ గ్రామమున తెలుగు మాట్లాడు ఇంట 1923లో జన్మించిన కి. రాజనారాయణన్, కరిసల్ నేల జనుల తమిళ మాటలను ఏర్చి కూర్చి నిఘంటువు చేసెను. ‘గోపల్ల గ్రామము’ అను తమిళ నవలలో తెలుగువారి వలసగాథను చెప్పెను. 2021లో ఆయన పరమపదించెను. చెదరిపోవు మాటను ఏరి దాచుట ఎట్లో ఆయన చూపెను. కోక, రవిక, పైట, అంచు, మొగలిరేకు అను మాటలు మన యిండ్లలో ఇంకను వినబడుచున్నవి. వ్రాయ నేర్వని తెలుగు నోటనే నిలువవలసి యున్నది; ఆ నోట నిలుపునది పెండ్లి వంటి వేళయే.

కావున తల్లులకు మా విన్నపము స్వల్పము. పెండ్లిచీరను పెట్టెలో పెట్టునపుడు ఒక కాగితముపై సంవత్సరమును, నేసిన యూరును, అంచు పేరును వ్రాసి యుంచుడు. తెలుగులిపి రానిచో తమిళలిపిలోనైనను వ్రాయుడు. రవికపని చేయించునపుడు, రంధ్రములు పొడిచిన ఆ చిత్రపుకాగితమును అడిగి తీసికొని చీరమడతలో దాచుడు. రవిక ఒక్క వధువు కొలతకే కుట్టబడినది. చెల్లెలికి, కూతురికి అది అమరకపోవచ్చును. కాని ఆ కాగితముపై మరల పొడి రుద్దిన నాడు అదే అంచు మఱియొక పట్టుపై చుక్కలుగా దిగును.