నక్షత్రమత్స్యముల విషకవచము

అనకాపల్లి ప్రాంతమువారికి కొండకర్ల పేరు చెప్పగనే ఆవ స్ఫురించును. కొండల నడుమ పరచుకొన్న ఆ మంచినీటి సరస్సును, తాటిబొండు దోనెలను, శీతకాలమున వచ్చి వాలు పరదేశపు పక్షులను చూచి వచ్చినవారు మనలో పెక్కుమంది కలరు. అచ్చటినుండి సముద్రమువైపు సాగినచో కొలది దూరములోనే పూడిమడక రేవు. ఆవలో చేప కలదు, నత్త కలదు. కాని నక్షత్రమత్స్యము మాత్రము ఎంత వెదకినను కానరాదు. ఆ మాటకు వచ్చినచో, ప్రపంచమందలి ఏ మంచినీటి మడుగులోను కానరాదు. నక్షత్రమత్స్యము, ముళ్లబంతివంటి సముద్రజీవి, సముద్రపు దోసకాయ మున్నగువానితో కూడిన కంటకచర్మి వర్గము యావత్తును ఉప్పునీటిని విడిచి రానేలేదు. అందువలన దానిని చూడగోరువారు ఆవ గట్టు దిగి రేవునకే పోవలెను.

అలివివల ఒడ్డునకు చేరినప్పుడు చేపల నడుమ ఐదు చేతులు చాచి పడియుండు ఈ జీవిని జాలరులు ఏరి పారవేయుదురు. దానికి మత్స్యమని పేరు పెట్టినవారెవరో గాని, చేపకును దానికిని బంధుత్వము లేదు. వెన్నెముక లేదు, మొప్పలు లేవు, ఈదుటకు రెక్కలు లేవు. అడుగుభాగమున వందలకొలది గొట్టపుకాళ్లతో ఇసుకపై మెల్లగా ప్రాకును. పారిపోలేదు, కరవలేదు. చేపలు, పీతలు నిండియున్న సముద్రమున ఇంత నిదానపు ప్రాణి కోట్ల సంవత్సరములు ఎట్లు బ్రతికి బట్టకట్టినది? ఇదియే మన ప్రశ్న. దీనికి సమాధానము దొరకుటకు చాలకాలము పట్టినది.

విషజంతువుల పరిశీలనకు మన విశాఖపట్టణ తీరము కొత్తది కాదు. 1780లలో ఈస్టిండియా కంపెనీ కొలువున ఇచ్చట నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు, ఏ పాము విషముగలది, ఏది కాదు అను విషయమును శ్రద్ధతో పరీక్షించి 1796లో గొప్ప గ్రంథమును ప్రకటించెను. పిదప 1803లో విశాఖపట్టణమున సేకరించిన 200 చేపలను బొమ్మలతో వర్ణించి, వాని దేశీయ నామములను గూడ గ్రంథస్థము చేసెను. ఆయనకు పేర్లు చెప్పినవారు మన రేవుల జాలరులే గదా! అయితే ఆ గ్రంథమునకు చేపలే విషయము. వలనుండి ఏరి పారవేసిన నక్షత్రములు కావు. తరువాత ఒక శతాబ్దమునకు ‘ఇన్వెస్టిగేటర్’ అను పరిశోధననౌక బంగాళాఖాతపు అడుగును వలలతో గాలించినది. అందు దొరికిన లోతునీటి నక్షత్రమత్స్యములను ఆల్కాక్ అను శాస్త్రజ్ఞుడు 1893లో వర్ణించెను. అప్పటి వర్ణనలన్నియు ఆకారమును గూర్చినవి. ఎన్ని చేతులు, ఎన్ని ముళ్లు అని లెక్కించుటతోనే సరిపోయినది.

విషము సంగతి ప్రయోగశాలకంటె ముందు ఇంటి పెరటిలో బయటపడినదనవలెను. నక్షత్రమత్స్యమును తిన్న పిల్లులు చనిపోయిన వృత్తాంతము 1881లోనే ఒక ఆంగ్ల జంతుశాస్త్ర పత్రికలో అచ్చయినది. జపానులోనైతే ఎండిన నక్షత్రమత్స్యపు పొడిని ఈగపురుగులను చంపుటకు వాడుకొనుచుండిరి. ఆ పొడిలోని మహిమ ఏమిటని హషిమోటో, యాసుమోటో అను ఇరువురు పరిశోధకులు విచారించి, 1960లో అది సపోనిన్ జాతికి చెందిన పదార్థమని నిర్ధారించిరి. అంతకు ఐదేండ్లకు పూర్వమే సముద్రపు దోసకాయలో ఇట్టి విషమునే అమెరికాలో నైగ్రెల్లియు, జపానులో యమనౌచియు గుర్తించియుండిరి.

సపోనిన్ అన్న మాట కొత్తదైనను వస్తువు మనకు పాతదే. కుంకుడుకాయ రసమును చిలికినప్పుడు వచ్చు నురుగు దానిదే. శీకాయలోను అదియే కలదు. తలంటుకొనునపుడు కంటబడిన కుంకుడురసము ఎట్లు మండునో చెప్ప నక్కరలేదు. కొండప్రాంతములవారు మంగకాయను దంచి మడుగులో కలిపి చేపలను తేలజేయు పద్ధతియు ఇట్టిదే. ఇట్టి మత్స్యవిషములపై మన వాల్తేరులోనే లోతైన పరిశోధన జరిగినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయనశాఖను తీర్చిదిద్దిన ఆచార్య టి. ఆర్. శేషాద్రి 1949లో ఢిల్లీకి పోవునంతవరకు, ఎస్. రంగస్వామి మొదలగు సహచరులతో, కానుగవంటి చెట్లలోని పదార్థముల నిర్మాణమును విప్పి చూపెను. కానుగ విషము సపోనిన్ కాదు, వేరొక జాతిది. చెట్టులోని విషమును విడదీసి దాని అణువును పోల్చుకొను ఆ విద్యయే తరువాతి తరములో సముద్రమువైపు మరలినది. అదే శాఖలోని పరిశోధకులు స్పంజికలను, మృదుప్రవాళములను రసాయనదృష్టితో పరిశీలించిరి.

ఇంతకును ఈ సపోనిన్ ఏమి చేయును? జీవకణమును చుట్టియున్న పలుచని పొరలో కొలెస్టరాల్ అను క్రొవ్వుపదార్థము కలదు. సపోనిన్ దానిని పట్టుకొని పొరకు చిల్లులు పెట్టును. రక్తకణములు పగిలిపోవును, చేప మొప్పలు దెబ్బతినును. మరి తన విషము తన్నేల చంపదు? ఇచ్చటనే ప్రకృతి నేర్పు మెచ్చుకొనదగియున్నది. నక్షత్రమత్స్యపు కణముల పొరలలో కొలెస్టరాలునకు బదులు, నిర్మాణమున కొంచెము భేదించిన వేరు స్టెరాలులు హెచ్చుగా ఉండును. వానిపై సపోనినుకు పట్టు చిక్కదు. తాళమును మార్చి తాళపుచెవిని పగవాని ఇంటికి పంపినట్లున్నది.

తల్లి ఈ ఆస్తిని సంతానమునకు గూడ పంచిపెట్టును. పవడపుదిబ్బలను తినివేయు ముండ్లకిరీటపు నక్షత్రమత్స్యము గ్రుడ్లలోను, డింభకములలోను సపోనిన్ ఉన్నదనియు, నీటిలో తేలు సూక్ష్మజీవులను మేయు చేపలు అందువలన వానిని నిరాకరించుననియు 1979లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపిరి. 1960ల నుండి గ్రేట్ బారియర్ రీఫునకు ఈ జాతి కలిగించుచున్న నష్టమును తలచినచో ఇది చిన్న సంగతి కాదు. ఒక్క ఆడజీవి ఒక ఋతువున లక్షలు, కోట్లు గ్రుడ్లు విడుచును. పిల్లలకు గూడ కవచమున్నప్పుడు వాని సంఖ్యను అదుపుచేయువారు తగ్గుదురు. వయసు వచ్చినదానిని మాత్రము ట్రైటన్ అను పెద్ద శంఖపుపురుగు విషమును లెక్కచేయక తినివేయును. ఆ శంఖము అందమైనదగుటచే మనుష్యులు దానినే ఏరుకొనిపోయిరి!

ఆయుధమునకు ఒక లోపము గూడ కలదు. కాలిఫోర్నియా తీరమున నక్షత్రమత్స్యము తాకినంతనే నత్తలు తొందరపడి తప్పించుకొనుటను 1953లో బుల్లక్ వర్ణించెను. 1968లో బ్రిటనున మాకీ, అతని సహచరులు ఆ భయమునకు కారణము నక్షత్రమత్స్యములోని సపోనినువంటి పదార్థములే యని తేల్చిరి. పగవానినుండి కాపాడు రసమే ఆహారమును ముందుగా హెచ్చరించుచున్నదన్నమాట. వేటకాడు గంట కట్టుకొని తిరిగినట్లే.

సపోనినుతో కథ ముగియలేదు. 1979లో జపానులోని షిమిజు పట్టణమున ఒకడు ట్రైటన్ జాతి శంఖపుమాంసమును తిని విషప్రభావమునకు లోనయ్యెను. పరీక్షించగా అది ఉబ్బుచేపలలో ప్రసిద్ధమైన టెట్రోడోటాక్సిన్. శంఖమునకు అది ఎచ్చటిదని వెదకగా, అది తినిన ఆస్ట్రోపెక్టెన్ అను నక్షత్రమత్స్యమువద్ద తేలినది. ఈ విషము నరముల సంచారమును స్తంభింపజేయును, వండినను నశింపదు. దానిని తయారుచేయునవి బాక్టీరియములేయని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఆస్ట్రోపెక్టెన్ ప్రజాతికి చెందిన ఇండికస్ అను జాతి మన తూర్పుతీరపు ఇసుకనేలలలోను కలదు. అయితే ఈ ప్రజాతిలో టెట్రోడోటాక్సిన్ పరిమాణము ఒక్కొక్క జాతికి, ఒక్కొక్క చోటికి, ఒక్కొక్క ప్రాణికి గూడ మారుచుండును. జపాను లెక్కను పూడిమడకకు అప్పగించుటకు వీలులేదు. మరబోటు వలలలో పడు చిల్లరచేపను ఎండబెట్టి కోళ్లదాణాకును, చేపల మేతకును పంపు తీరమిది. ఆ కుప్పలోనుండి ఐదు చేతుల ప్రాణిని ముందుగా ఏరివేయు జాలరిపిల్ల చేయు పని తేలికగా చూడదగినది కాదు.