విలియం బట్లర్ ఆగ్డెన్

ఆగ్డెన్, విలియం బట్లర్ (1805 జూన్ 15 – 1877 ఆగస్టు 3): అమెరికాలోని చికాగో నగరానికి తొలి మేయరు, భూముల వ్యాపారి, రైలుమార్గాల నిర్మాత. మేయరుగా ఉన్నది ఒక్క ఏడాదే (1837–38). ఆయన పేరు నిలిచింది ఆ పదవి వల్ల కాదు, పదవికి ముందూ తర్వాతా వేయించిన రోడ్లు, వంతెనలు, కాలువలు, రైలు పట్టాల వల్ల. 1871 నాటి అగ్నిప్రమాదంలో చాలా నగర రికార్డులు, చికాగో చారిత్రక సంఘం సేకరణలు తగలబడిపోయాయి. దాంతో ఆయన తొలినాళ్ల కథకు ముఖ్య ఆధారం ఐజాక్ ఆర్నాల్డ్ రాసిన స్మృతి వ్యాసమే. ఆర్నాల్డ్ 1837లో ఆ నగరానికే గుమస్తాగా పనిచేసినవాడు, ఆగ్డెన్‌కు ఆప్తమిత్రుడు. అందువల్ల అందులోని సమాచారం విలువైనదే అయినా, పొగడ్త పాలు తీసివేసి చదువుకోవాలి.

తొలి జీవితం

న్యూయార్క్ రాష్ట్రం డెలావేర్ కౌంటీలోని వాల్టన్‌లో పుట్టాడు. తండ్రి ఏబ్రహాం కలప, భూముల వ్యాపారం చేసేవాడు. ఆయన జబ్బుపడటంతో పదిహేను, పదహారేళ్ల ప్రాయంలోనే కొడుకు మీద ఇంటి భారం పడింది. న్యాయశాస్త్రం చదవాలన్న కోరిక అక్కడితో ఆగిపోయింది. వివాహం నిశ్చయమైన సారా నార్త్ అనే యువతి పెళ్లికి ముందే కన్నుమూసింది. ఆ తర్వాత డెబ్బయ్యో పడికి దగ్గరయ్యేదాకా ఆయన పెళ్లి మాట ఎత్తలేదు. 1835లో న్యూయార్క్ శాసనసభలో సభ్యుడిగా ఉండి ఈరీ రైలుమార్గానికి ప్రభుత్వ సాయం కోసం వాదించాడు.

చికాగో రాక

బావగారు చార్లెస్ బట్లర్ చికాగో నదికి ఉత్తరాన కొన్న స్థలాన్ని చూసుకోవడానికి 1835 వేసవిలో ఆగ్డెన్ చికాగో చేరాడు. కొన్న ధర లక్ష డాలర్లు. వెళ్లి చూస్తే మోకాలిలోతు బురద, పొదలు, నిలవనీరు. శుద్ధ తెలివితక్కువ బేరం చేశారని బావగారికి జాబు రాశాడంటారు. తర్వాత బురదకు కాలవలు తవ్వించి, వీధులు గీయించి, స్థలంలో మూడో వంతు అమ్మేసరికే పెట్టుబడి తిరిగొచ్చిందని ఆర్నాల్డ్ మొదలు అందరూ రాశారు. వివరాల్లో తేడాలున్నా, ఆ ఏడాది జరిగిన భూముల వేలం ఉధృతిని చూస్తే కథ సారాంశం నమ్మదగినదే.

ఆ భూమి అంతకు ముందు ఎవరిదన్న ప్రశ్నను పాత జీవిత చరిత్రలు దాటవేశాయి. 1833 నాటి చికాగో ఒప్పందం కింద పొటావటోమీ ప్రజలు ఆ ప్రాంతాన్ని వదులుకోవలసి వచ్చింది. ఆగ్డెన్ వచ్చిన 1835లోనే, ఆగస్టులో, వందలాది పొటావటోమీ యోధులు ఆ ఊరి వీధుల్లో చివరిసారి యుద్ధనృత్యం చేసి పడమటికి తరలిపోయారు. ఆగ్డెన్ సంపదకు పునాది ఈ ఖాళీ చేయింపే. దాన్ని చెప్పకుండా ఆయన వ్యాపార దక్షతను మాత్రమే చెప్పడం న్యాయం కాదు.

ఇల్లు కట్టుకోవడానికి జాన్ వాన్ ఆస్డెల్ అనే నిర్మాణ శిల్పిని న్యూయార్క్ నుంచి రప్పించాడు. చికాగో తొలి ఆర్కిటెక్టుగా పేరున్నది ఆయనకే.

మేయరు పదవి

1837 మార్చి 4న చికాగోకు నగర హోదా వచ్చింది. మే 2న జరిగిన ఎన్నికలో డెమొక్రాట్ పక్షాన ఆగ్డెన్, విగ్ పక్షాన ఆ ఊరి పాతకాపు కుటుంబానికి చెందిన జాన్ కిన్జీ పోటీ చేశారు. పోలైన ఓట్లు ఏడు వందల పైచిలుకు. ఆగ్డెన్‌కు వచ్చినవి 469 అని కొందరు, 489 అని కొందరు రాశారు. ఏ లెక్కన చూసినా ఇంచుమించు మూడింట రెండు వంతులు. ఊరి జనాభా అప్పటికి నాలుగు వేల పైచిలుకు.

గెలిచిన వారాల్లోనే దేశమంతా బ్యాంకులు చెల్లింపులు ఆపేశాయి. చికాగోలో నిన్న వేలల్లో పలికిన స్థలాన్ని ఇవాళ అడిగే నాథుడు లేడు. అప్పులవాళ్లంతా సభ పెట్టి, కోర్టులు మూసేయాలనీ వసూళ్లు నిలిపేయాలనీ కోరారు. మేయరు లేచి, ఊరి పరువు తీయవద్దనీ, అప్పు ఎగవేస్తే రేపు ఈ ఊరికి అప్పిచ్చేవాడే ఉండడనీ నచ్చజెప్పాడని ఆర్నాల్డ్ కథనం. ఆగ్డెన్ తానూ పీకలదాకా అప్పుల్లో ఉన్నాడు కాబట్టి ఆ మాటకు బరువుంది. నగరం రుణాన్ని ఎగవేయలేదు. ఇలినాయ్ రాష్ట్రం మాత్రం కొద్ది ఏళ్లకు కాలువ రుణాల మీద వడ్డీ ఆపేసింది. ఆగిన ఇలినాయ్–మిషిగన్ కాలువను పూర్తిచేయడానికి రుణదాతలను ఒప్పించే పథకంలో 1842 ప్రాంతంలో ఆగ్డెన్, ఆర్నాల్డ్, న్యూయార్క్ పెట్టుబడిదారు ఆర్థర్ బ్రాన్సన్ కలిసి పనిచేశారు. కాలువ 1848లో తెరుచుకుంది.

క్లార్క్ వీధి వంతెన (1840) విషయంలో ఒక వివాదం ఉంది. ఉత్తరపు ఒడ్డు భూస్వాములైన ఆగ్డెన్, వాల్టర్ న్యూబెరీ వంతెనకు అనుకూలమైన ఓట్ల కోసం క్యాథలిక్ బిషప్‌కు రెండు బ్లాకుల స్థలం ఇచ్చారని పాత నగర చరిత్రల్లో ఉంది. చికాగోకు ప్రత్యేక క్యాథలిక్ మండలం ఏర్పడిందే 1843లో. అందువల్ల స్థలం ఇవ్వడం నిజమే అయినా, ఆ రెండు సంగతులనూ తర్వాతివారు ముడిపెట్టి ఉండవచ్చు. వంతెన వల్ల ఆయన స్థలాల ధర పెరిగిన మాటకు మాత్రం వివాదం లేదు.

యంత్రాలు, రైళ్లు

కోతయంత్రం తయారుచేసిన సైరస్ మెకార్మిక్ 1847లో చికాగో వచ్చినప్పుడు ఆగ్డెన్ పిలిచి 25,000 డాలర్లు పెట్టి సగం వాటా తీసుకున్నాడన్నది అందరూ చెప్పే కథ. వ్యాపార పత్రాల ఆధారంగా చెప్పేవారి ప్రకారం మెకార్మిక్ తొలి భాగస్వామి చార్లెస్ గ్రే (తర్వాత ఈయనా మేయరే). ఆయన వాటా చేతులు మారి ఆగ్డెన్ దగ్గరికి వచ్చింది. రెండో కథనమే ఎక్కువ నమ్మదగినది. 1849లో మెకార్మిక్ ఆ వాటాను తిరిగి కొనేశాడు. ఆగ్డెన్‌కు రెట్టింపో అంతకంటే ఎక్కువో ముట్టింది.

ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్ద పని గలీనా–చికాగో యూనియన్ రైలుమార్గం. 1836లోనే అనుమతి పొంది మూలనపడిన ఈ కంపెనీని 1846–47లో లేపాడు. తూర్పు రాష్ట్రాల ధనికులు మీ ఊరివాళ్లు ముందు డబ్బు పెట్టాక రండి అన్నారు. చికాగో వర్తకులకూ రైలు ఇష్టం లేదు. రైతు బండి కట్టుకుని ఊళ్లోకి వస్తేనే తమ దుకాణాల్లో సరుకు కొంటాడు, రైలొస్తే గింజలే వస్తాయి, మనిషి రాడు అన్నది వాళ్ల భయం. ఆగ్డెన్ దారి పొడవునా పల్లెల్లో తిరిగి రైతుల చేత వాటాలు కొనిపించాడు. ఆడవాళ్లు వెన్న, గుడ్లు అమ్మి దాచుకున్న డబ్బు కూడా అందులో ఉందంటారు. మూడున్నర లక్షల డాలర్ల వాటాలకు సంతకాలైతే పడ్డాయి కానీ చేతికొచ్చిన సొమ్ము అందులో చిన్న భాగమే.

కనుక అన్నీ చౌకలోనే జరిగాయి. పట్టాలంటే చెక్క దూలాల మీద మేకులు కొట్టిన ఇనుప పట్టీలు. ఇంజను ‘పయనీర్’ మరో కంపెనీ వాడి వదిలేసింది, సరస్సు మీద ఓడలో వచ్చింది. 1848 అక్టోబరు 25న అది తొలిసారి నడిచింది. ఆ రోజు వెళ్లిన దూరం ఐదు మైళ్లని, ఎనిమిదని, పదని పలు రకాలుగా రాశారు. నవంబరులో డెస్ ప్లెయిన్స్ నది దాకా పెద్దమనుషులను విహారానికి తీసుకెళ్లినప్పుడు గోధుమల బండితో ఒక రైతు ఎదురయ్యాడు. వాళ్లు ఆ గింజలు అక్కడికక్కడే కొని, రైల్లో ఎక్కించి చికాగో తెచ్చారు. వారం తిరగకుండా ఆ చివర ముప్పై బండ్ల గోధుమలు రైలు కోసం ఎదురుచూశాయని ప్రతీతి. ‘పయనీర్’ ఇప్పటికీ చికాగో చరిత్ర మ్యూజియంలో ఉంది. రైలు పేరులో ఉన్న గలీనాకు మాత్రం ఆ కంపెనీ సొంత పట్టాలు ఎన్నడూ చేరలేదు.

1851లో గలీనా కంపెనీ అధ్యక్ష పదవి వదిలాడు. 1859 నుంచి 1868 దాకా చికాగో–నార్త్ వెస్ట్రన్ రైల్వేకు, 1862–63లో యూనియన్ పసిఫిక్‌కు తొలి అధ్యక్షుడు. ఇటుకల మట్టి కోసం నది ఉత్తర పాయ పక్కన తవ్వించిన కాలువ వల్ల నేటి గూస్ ఐలాండ్ ఏర్పడింది. 1857లో పెట్టిన చికాగో డాక్ అండ్ కెనాల్ కంపెనీకి న్యాయ సలహాదారుల్లో ఏబ్రహాం లింకన్ ఒకరు.

రాజకీయం, చివరి రోజులు

1860లో రిపబ్లికన్‌గా రాష్ట్ర సెనేట్‌కు వెళ్లాడు. లింకన్ బానిస విముక్తి ప్రకటనను తొందరపాటని వ్యతిరేకించి పార్టీకి దూరమయ్యాడు. మిత్రులు దీన్ని రాజ్యాంగం మీద గౌరవంగా సమర్థించారు. విముక్తి కోసం ఎదురుచూస్తున్న లక్షల మంది వైపు నుంచి చూస్తే ఆ సమర్థన నిలవదు. 1866లో న్యూయార్క్ దగ్గర హార్లెం నది ఒడ్డున ఎస్టేటు కొని ఎక్కువ కాలం అక్కడే గడిపాడు.

1871 అక్టోబరు 8న ఒకే రాత్రి రెండు చోట్ల నిప్పు ఆయనను దెబ్బతీసింది. చికాగోలో ఇల్లు, ఆస్తులు బూడిదయ్యాయి. విస్కాన్సిన్‌లోని పెష్టిగోలో ఆయన కలప మిల్లులు, చెక్క సామాన్ల కర్మాగారం, వాటి చుట్టూ పెరిగిన ఊరు కాలిపోయాయి. అక్కడి మృతులు 1,200 నుంచి 2,500 దాకా ఉంటారని అంచనా. చికాగో మృతుల కంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా వార్తల్లో దానికి దక్కిన చోటు తక్కువ. ఆగ్డెన్ చికాగో చూసుకుని పెష్టిగో వెళ్లి మళ్లీ కట్టించే పని పెట్టుకున్నాడు. చికాగోలో తమ్ముడు మేలన్ ఇల్లు మాత్రం మంటల నడుమ నిలిచింది. ఇప్పుడు అక్కడ న్యూబెరీ గ్రంథాలయం ఉంది.

1875లో మేరియానా ఆర్నట్‌ను పెళ్లాడాడు. రెండేళ్లకే మరణించాడు. సమాధి బ్రాంక్స్‌లోని వుడ్‌లాన్ శ్మశానంలో ఉంది. వీలునామా నిర్వాహకుల ద్వారా 1890లలో చికాగో విశ్వవిద్యాలయానికి చేరిన సొమ్ముతో ఆగ్డెన్ పేరిట విజ్ఞానశాస్త్ర ఉన్నత విద్యాశాఖ ఏర్పడింది. చికాగోలోని ఆగ్డెన్ అవెన్యూ ఈయన పేరు మీదే ఉంది. యూనియన్ పసిఫిక్ దారిలోనే ఉండటం వల్ల యూటాలోని ఆగ్డెన్ నగరమూ ఈయనదేనని కొందరు పొరబడతారు. అది బొచ్చుతోళ్ల వ్యాపారి పీటర్ స్కీన్ ఆగ్డెన్ పేరు మీద వచ్చింది.