మణియకారు సత్రము

బావులు, చెఱువులు, అన్నసత్రములు మున్నగువానిని మన పెద్దలు పూర్తధర్మము లనిరి. అట్టి ధర్మము చిరకాలము నిలుచుట కొక నిదర్శనమును మనవి చేయుచున్నాము.

1780 వ సంవత్సరమున హైదరాలీ సేనలు ఆర్కాటు సీమను పాడుచేయఁగా, పల్లెల జనులు చెన్నపట్టణమునకుఁ బాఱివచ్చిరి. కఱవు ముదురఁగా 1782 లో దీనులకై గంజిసత్ర మొకటి వెలసెను. దానిని గ్రామాధికారియగు మణియకారు విచారించుచుండుటచే నాతని పదవీనామమే సత్రమునకుఁ బేరై, ఆంగ్లేయుల నోట ‘మోనెగార్’ అయ్యెను. ఆకలితో వచ్చినవారిలో రోగులును గలరు గాన, 1799 లో జాన్ అండర్‌వుడ్ అను వైద్యుఁ డచ్చట చికిత్సాలయమును నెలకొల్పెను. అదియే పెరిగి నేఁటి స్టాన్లీ వైద్యశాల యయ్యెను. సామాన్యులు దానిని ‘కంజితొట్టి ఆసుపత్రి’ యనుచుండుటచే గంజితోడి పుట్టుక మఱపునకు రాలేదు. వేంకటగిరి రాజావారి సత్రమును దాని చెంతనే చేరుట యాంధ్రులకు సంతోషకరము. సత్రము మాత్రము దిక్కులేని వృద్ధులకు నేఁటికిని ఆశ్రయ మిచ్చుచున్నది.

కఱవు తీఱిన వెంటనే ఆ పొయ్యి నార్పియుండిన నేమి మిగిలెడిది? ఒకపూట సంతర్పణము ఆ పూఁట యాఁకలినే తీర్చును. మూలధనము గల సత్రము తరముల యాఁకలిని దీర్చును. కావున మన సంఘీయులు వివాహాదులందు వెచ్చించు ద్రవ్యములో నొక పాలు అనాథలకై శాశ్వతనిధిగా నుంచవలయునని ప్రార్థించుచున్నాము.