ఎముకల విందు నుంచి మూడు విజిల్స్ దాకా

ఇంటి పనిముట్ల మీద మోజున్నవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే మాట ఇట్టే సిఫార్సుల మీదికి పోతుంది. ఒకాయన స్క్రూడ్రైవర్ సెట్టు గురించి చెబుతాడు, ఒకావిడ కొబ్బరి కోరే మిషను గురించి. ఎయిర్ ఫ్రయర్ కొత్తగా కొన్నవాళ్ళయితే ఇంకెవర్నీ మాట్లాడనివ్వరు. ఈ పోటీలో నా ఓటు ఎప్పుడూ ప్రెషర్ కుక్కర్‌కే. ప్రతి ఇంట్లో ఉంటుంది కాబట్టి దాన్ని సిఫార్సు చేయాలని ఎవరికీ తోచదు.

దాని గురించి రాయడానికి ఇవాళ ఒక వంక దొరికింది. 1682లో ఇదే ఏప్రిల్ 12న, లండన్‌లో కొందరు పెద్దమనుషులు కూర్చుని కుక్కర్‌లో వండిన విందు తిన్నారు. ఇప్పటికి 344 ఏళ్ళు. ఉత్సవాలు చేసే అంకె కాదని తెలుసు. పైగా ఆనాటి ఇంగ్లండు పాత జూలియన్ క్యాలెండరు వాడేది. ఇప్పటి లెక్కలో ఆ రోజు ఏప్రిల్ 22 అవుతుంది. అంటే ఈ వ్యాసం పది రోజులు ముందే ఇచ్చినట్టు. సంపాదకులు గమనించగలరు.

అంతకుముందు కొన్ని వేల ఏళ్ళ వంట చరిత్రను ఒక్క పేరాలో దాటేయక తప్పదు. కుండ ఉంది, మూత ఉంది, మూత మీద బరువు పెట్టాలన్న తెలివీ ఉంది. దమ్ బిర్యానీకి మూత చుట్టూ పిండి అంటించేవాళ్ళు ఆవిరి విలువ తెలిసినవాళ్ళే. కానీ పిండి కొంతవరకే ఆపుతుంది. మంట ఎంత పెంచినా మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీలు దాటవు. అదనపు వేడంతా ఆవిరై పోతుంది. ఆ ఆవిరిని బంధిస్తే ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి పెరిగితే నీళ్ళు ఇంకా ఎక్కువ వేడి దగ్గరగానీ మరగవు. మన కుక్కర్లలో ఆ వేడి దాదాపు 120 డిగ్రీలు. అదనంగా వచ్చే ఆ ఇరవై డిగ్రీలకే మొండి కందిపప్పు లొంగిపోతుంది.

ఆ ఇరవై డిగ్రీలను పట్టుకున్నవాడు డెనిస్ పాపిన్. 1647లో ఫ్రాన్స్‌లోని బ్లువాలో పుట్టాడు, వైద్యం చదివాడు, కానీ మనసంతా యంత్రాల మీదే. పారిస్‌లో క్రిస్టియాన్ హైగెన్స్ దగ్గర, తర్వాత లండన్‌లో రాబర్ట్ బాయిల్ దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. ఇద్దరూ గాలితో, శూన్యంతో ప్రయోగాలు చేసిన ఉద్దండులే. గాలి తీసేస్తే ఏమవుతుందో చూడటంలో గురువులు మునిగి ఉంటే, ఆవిరిని కుక్కితే ఏమవుతుందో చూద్దామనుకున్నాడు శిష్యుడు. 1679లో లండన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి తన పాత్రను చూపించాడు. 1681లో దాని మీద పుస్తకమూ వేశాడు. పేరు డైజెస్టర్. ఎముకల్ని సైతం మెత్తబరిచే యంత్రమని పుస్తకం అట్ట మీదే ప్రకటన.

దళసరి లోహపు స్తూపం, మరలతో బిగించే మూత. ఇంతవరకు ఏ కమ్మరైనా చేయగలడు. ఇలాంటి పాత్ర పేలుతుందని పాపిన్‌కు తెలుసు. అందుకే మూతలో చిన్న రంధ్రం చేసి, దాని మీద ఒక మీటను వాల్చి, మీట చివర బరువు వేలాడదీశాడు. లోపలి ఒత్తిడి హద్దు మీరితే ఆవిరి ఆ మీటను ఎత్తుకుని బయటపడుతుంది, తగ్గగానే బరువు మళ్ళీ రంధ్రాన్ని మూసేస్తుంది. మన కుక్కర్ మీద ఊగే వెయిట్ చేసేది ఇదే పని, మీట ఒక్కటే లేదు. రైలింజన్ బాయిలరు నుంచి కర్మాగారాల దాకా పాకిన సేఫ్టీ వాల్వ్ పుట్టింది ఇలా, మాంసం ఉడికే పాత్ర మీద.

నాకు మరీ ముచ్చటేసేది అతను వేడిని కొలిచిన తీరు. అప్పటికి నమ్మదగ్గ థర్మామీటరు లేదు. మూత మీద చిన్న గుంట చేసి అందులో ఒక నీటి బొట్టు వేసేవాడు. పక్కన దారానికి కట్టిన లోలకం ఊగుతుంటుంది. బొట్టు ఇగిరిపోయేలోపు లోలకం ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టి, లోపల వేడి ఎంతో అంచనా కట్టేవాడు. మాంసం, చేపలు, బఠానీలు, ఒక్కోదాన్ని విడివిడిగా వండుతూ, ఎంత బొగ్గు పట్టింది, బొట్టు ఎంతసేపు నిలిచింది, రుచి ఎలా ఉంది అని రాసుకున్నాడు. సరదాకి పనిముట్లు చేసుకునేవాళ్ళందరికీ ఇతనే మూలపురుషుడని నా నమ్మకం.

ఇక విందు. మనకు దాని సంగతి తెలియడానికి కారణం జాన్ ఎవెలిన్ అనే ఆయన డైరీ. అప్పటికి అరవై దాటిన పెద్దమనిషి. తోటలు, చెట్లు, పుస్తకాలు ఆయన లోకం. తర్వాత 1699లో పచ్చి ఆకుకూరల సలాడ్ల మీద ఏకంగా పుస్తకం రాశాడు. అంత శాకప్రియుడు ఆ సాయంత్రం రాయల్ సొసైటీ మిత్రులతో కలిసి వెళ్ళి, ఎముకలు తిని, పొంగిపోయి రాసుకున్నాడు.

వడ్డించినవన్నీ డైజెస్టర్లో వండినవే. గొడ్డు ఎముకలు, గొర్రె ఎముకలు జున్నులా మెత్తబడ్డాయట. పైక్ చేపను ముళ్ళతో సహా అడ్డేమీ లేకుండా నమిలేశారు. పులస ముళ్ళతో ఏటా కుస్తీ పట్టే గోదావరి జిల్లాల వాళ్ళకు ఆ సంతోషం నేను వివరించనక్కర్లేదు. అన్నిటికంటే పావురాలు బాగున్నాయన్నాడు. నీళ్ళు పోయకుండా తమ రసంలోనే ఉడికి, పిండిలో పొదిగి కాల్చినట్టు వచ్చాయని మెచ్చుకున్నాడు. చివర్లో అద్దంలా తేటగా ఉన్న ఎముకల జెల్లీ వచ్చింది. అంత రుచైన జెల్లీ పుట్టి ఎరగనన్నాడు. ఇంత వంటకూ పట్టిన బొగ్గు ఎనిమిది ఔన్సుల లోపే, అంటే పావుకిలో కూడా కాదు. వంట గ్యాసు బిల్లు కట్టేవాళ్ళు ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి.

ఆయన రాసిన మరో వివరం నాకు బాగా నచ్చింది. మాంసాన్ని నేరుగా నీళ్ళలో వేయలేదు. నీళ్ళు చుట్టూ ఉన్నాయి, పదార్థం లోపల వేరే పాత్రలో ఉంది. కుక్కర్ అడుగున నీళ్ళు పోసి, కింద గిన్నెలో పప్పు, పై గిన్నెలో బియ్యం పెట్టి మూత బిగించే మన అమ్మమ్మల పద్ధతీ ఇదే కదా.

విందులో నవ్వులకు కొదవ లేదు. తాత్విక విందని పేరు పెట్టుకుని మరీ నవ్వుకున్నారు. చివరికి ఎవెలిన్ ఒక గ్లాసు జెల్లీ ఇంటికి, భార్య మేరీకి పంపాడు. ఆ రోజుల్లో ఇంగ్లీషు ఇల్లాళ్ళు జింక కొమ్ము నుంచి ఎంతో శ్రమపడి జెల్లీ కాచేవారు. ఆడవాళ్ళు ఇంతవరకు చేసిన జెల్లీలన్నీ దీని ముందు దిగదుడుపేనని డైరీలో ఒక చురకా వేశాడు. కట్టుకున్నామె ఎన్నో ఏళ్ళుగా వండి పెడుతుంటే, ఒక్క పూట బయట తిని వచ్చి ఇలా రాసినవాడి ధైర్యాన్ని మెచ్చుకోవాలి. మేరీ ఏమన్నదో డైరీలో లేదు. ఆ డైరీ రాసింది ఆయన కదా.

పాపిన్ కథ తర్వాత అంత నవ్వుతూ సాగలేదు. 1684 నుంచి రాయల్ సొసైటీలో ఏడాదికి 30 పౌండ్ల జీతానికి ప్రయోగాలు చేసి చూపించే పనిలో ఉన్నాడు. అతను ప్రొటెస్టెంటు, 1685లో ఫ్రాన్స్ రాజు ప్రొటెస్టెంట్ల హక్కులు రద్దు చేయడంతో స్వదేశం దారి మూసుకుపోయింది. జర్మనీ వెళ్ళి మార్బుర్గ్‌లో గణితం బోధించాడు, లైబ్నిట్జ్‌తో ఉత్తరాలు నడిపాడు. 1690లో, స్తూపంలో ముషలకాన్ని ఆవిరితో కదిలించే ఉపాయం ప్రచురించాడు. ఆవిరి యంత్రానికి అది తొలి మెట్లలో ఒకటి. 1707లో చక్రాల పడవ చేయించుకుని నదిలో బయల్దేరితే, తమ హక్కుకు భంగమని మ్యుండెన్ పడవవాళ్ళు దాన్ని ముక్కలు చేశారు. అది ఆవిరి పడవేనని చాలాచోట్ల రాస్తారు. చేత్తో తిప్పే చక్రాలేనంటారు జాగ్రత్తపరులైన చరిత్రకారులు. లండన్ తిరిగొచ్చేసరికి పాత మిత్రులు చాలామంది లేరు. పేదరికంలో 1713లో పోయాడు.

తర్వాత రెండు శతాబ్దాలకు పైగా ఈ పాత్ర వంటింట్లో కంటే బయటే ఎక్కువ తిరిగింది. ఆవిరి మీద జేమ్స్ వాట్ మొదటి ప్రయోగాలు పాపిన్ డైజెస్టర్‌తోనే చేశాడు. 1879లో పాశ్చర్ సహచరుడు షాంబర్లాన్ ఇదే సూత్రంతో క్రిములను చంపే ఆటోక్లేవ్ తయారుచేశాడు. వంటకు దీని అవసరం ఎంతో తెలియాలంటే డార్విన్‌ను అడగాలి. 1835లో ఆండీస్ కొండలెక్కినప్పుడు బంగాళాదుంపల్ని రాత్రంతా పొయ్యి మీద ఉంచినా ఉడకలేదు. ఎత్తున గాలి ఒత్తిడి తక్కువ, నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. వెంట ఉన్నవాళ్ళు మాత్రం తప్పంతా కొత్త కుండదేనని తీర్మానించారు. మనమూ చాలాసార్లు పప్పును తిడతాం, నీళ్ళను తిడతాం, కొట్టువాడిని తిడతాం.

ఇంటి కుక్కర్‌గా ఇది నిలదొక్కుకున్నది అమెరికాలో. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ప్రెస్టో అనే సాస్‌పాన్ లాంటి కుక్కర్ అందర్నీ ఆకట్టుకుంది. యుద్ధం తర్వాత నాసిరకం కుక్కర్లు పుట్టగొడుగుల్లా రావడంతో అక్కడ దాని పేరు చెడింది కూడా. అక్కడ మోజు తగ్గుతున్న రోజుల్లోనే అది మన దేశంలో అడుగుపెట్టింది.

బెంగాలీలకు అప్పటికే 1910 నుంచి ఇందుమాధవ్ మల్లిక్ తయారుచేసిన ఇక్మిక్ కుక్కర్ ఉంది. అది గిన్నెల దొంతర కింద బొగ్గు పెట్టే సాధుజంతువు, ఒత్తిడి లేదు. అసలు ప్రెషర్ కుక్కర్లు 1959లో వచ్చాయి. హెచ్.డి. వాసుదేవ బొంబాయిలో పెట్టిన కంపెనీ ఇంగ్లండు హాకిన్స్ సహకారంతో, మద్రాసు టీటీకే కుటుంబం అక్కడి ప్రెస్టీజ్ సహకారంతో. ఒకదానికి మూత లోపలికి, మరొకదానికి బయటికి. రాజకీయాలూ సినిమా హీరోలూ చాలనట్టు, తెలుగు ఇళ్ళు ఈ విషయంలోనూ రెండు వర్గాలయ్యాయి.

గంజి వార్చని అన్నం అన్నమే కాదన్న పెద్దలు ఉండేవారు. పప్పు విషయంలో మాత్రం ఎవరూ ఎక్కువ రోజులు పట్టుబట్టలేకపోయారు. విజిల్ అనే కొలత కూడా మనదే. కంపెనీ పుస్తకాలు నిమిషాలు చెబుతాయి. ప్రెషర్ వచ్చాక మంట తగ్గించి ఇన్ని నిమిషాలు ఉంచమంటాయి. మనం వింటామా? ముందుగదిలోంచే "మూడొచ్చాయి, కట్టెయ్" అంటాం. లోలకం పక్కన పెట్టుకుని నీటిబొట్టు చూసిన పాపిన్‌కు ఈ లెక్క నచ్చి ఉండేదనుకుంటాను.

ఇక్కడి నుంచి కథ చిక్కుపడుతుంది. అరిగిన సేఫ్టీ ప్లగ్గు స్థానంలో చవకబారు నకిలీది బిగించడం వల్ల కుక్కర్లు పేలాయి. టీటీకే కుటుంబానికి చెందిన టి.టి. జగన్నాథన్ మూత అంచులో చిన్న సందు పెట్టించి, ఒత్తిడి మితిమీరితే గ్యాస్కెట్ అందులోంచి బయటికి ఉబికి ఆవిరి పోయేలా చేశాడు. ఒట్టావాలో రాబర్ట్ వాంగ్ బృందం 2010లో ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కర్ తెచ్చింది. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళకు అది పప్పు, అన్నం, పెరుగు, అన్నీ చేసిపెట్టే కులదైవమైంది. దాన్ని అమ్మే కంపెనీ 2023లో దివాలా పిటిషన్ వేసింది, ఉత్పత్తి మాత్రం ఆగలేదు. కొత్తగా చదువుకెళ్ళే పిల్లల సూట్‌కేసుల్లో ఇప్పటికీ పచ్చళ్ళ పక్కన మామూలు కుక్కరే. ఇండక్షన్ అడుగు, స్టీలా అల్యూమినియమా, మూడు పొరలా ఐదు పొరలా: ఒక కొట్టులోకి వెళ్ళి వచ్చేసరికి ఏది కొనాలో తెలియకపోగా కొనాలా వద్దా అన్న అనుమానం వస్తుంది.

2021 ఫిబ్రవరి నుంచి ఇళ్ళలో వాడే ప్రెషర్ కుక్కర్‌కు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ప్రమాణం సంఖ్య ఐఎస్ 2347. గుర్తు లేనివి అమ్మనిచ్చినందుకు 2022లో కొన్ని పెద్ద ఆన్‌లైన్ అంగళ్ళకు వినియోగదారుల రక్షణ సంస్థ లక్ష రూపాయల చొప్పున జరిమానా వేసింది.

కాబట్టి నా సిఫార్సు: ఐఎస్ఐ గుర్తున్న, ఇంట్లో మనుషులకు సరిపడే కుక్కర్ ఒక్కటి కొనండి, ఎక్కువ పొరలకు ఆశపడకండి. మూడొంతుల్లో రెండొంతులు దాటి నింపవద్దు, పప్పయితే సగమే. గ్యాస్కెట్ గట్టిపడితే మార్చండి, సేఫ్టీ వాల్వ్ అదే కంపెనీది వేయించండి. వెయిట్ కింది రంధ్రాన్ని వెలుతురుకెదురుగా పట్టి చూడండి. అవతలి వెలుగు కనబడకపోతే దాన్ని శుభ్రం చేసేదాకా పొయ్యి వెలిగించవద్దు.