గండోడి మూడు రోజులు

మైపాడు దగ్గరి ఆ పట్టపుపాలెంలో గండోడంటే తెలియని పిల్లకాయ లేడు. నల్లచారల గండుపిల్లి. పడవ ఒడ్డుకు తగిలే వేళకు ఇసకలో కూచోనుండేవాడు. వల దులిపితే రాలిన కవళ్లలో మొదటిది వాడిదే. వాడు తిని లేచిందాకా మరో పిల్లి దగ్గరికొచ్చేది కాదు. కుక్కలు కూడా వాడికి దారిచ్చేవి. అంతటివాడు మూడు రోజుల్లో కూలిపోయాడు.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది. జూన్ 14 దాకా పచ్చిచేపకు కరువే. వలలు బాగుచేసే పెద్దమ్మ వేసే ఎండు నెత్తళ్లతోనే వాడి కడుపు నిండేది. పిల్లులకు పుట్టుకతోనే దాహం తక్కువ, ఒంటికి కావలసిన నీరు చాలావరకు తిండిలోంచే రావాలి. నీరు చాలకపోతే మూత్రం చిక్కబడుతుంది, సన్నటి పలుకులు కడతాయి. మగపిల్లికి మూత్రనాళం చివర మరీ ఇరుకు. చిన్న అడ్డు చాలు, దారి మూసుకుపోవడానికి.

రోహిణి కార్తెలో ఒకరోజు పొద్దున్నించీ వాడు ఇసక తవ్వడం, కూచోవడం, లేవడం, మళ్లీ ఇంకోచోట తవ్వడం. లేచి వెళ్లిన చోట ఇసక పొడిపొడిగానే ఉంది. మధ్యమధ్య తోక కింద నాక్కునేవాడు.

"కడుపు కట్టేసినట్టుండాది" అంది పెద్దమ్మ.

సాయంత్రం ఒళ్లో పడుకోబెట్టుకుని ఆముదం వెచ్చచేసి పొత్తికడుపుకు రాసింది. వేళ్లకు నిమ్మకాయంత గట్టిగా ఏదో తగిలింది. వాడు ఎప్పుడూ లేంది ఆమె చేతిని కరిచాడు. రోగం ఆమె వేళ్ల కిందే ఉంది. అది మలం కాదు, నిండిపోయి ఖాళీ కాలేని మూత్రాశయం. అక్కడ గట్టిగా నొక్కినా పగిలిపోయే ప్రమాదం ఉంది.

మర్నాడు వాంతులు. తిండి ముట్టలా. పడవ కింద దూరి పిలిచినా రాలా. జ్వరం బిళ్ల వెయ్యమన్నారెవరో. ఆమె వెయ్యలా, ఆ మేరకు మేలు చేసింది. మనం మింగే పారాసిటమాల్‌ను విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క బిళ్ల ప్రాణం తీస్తుంది. రాత్రంతా వాడి అరుపు పాలెమంతా విన్నది. తెల్లారేసరికి అరుపు ఆగితే నయమైందనుకున్నారు. పాపం, అది నొప్పి తగ్గి ఆగిన అరుపు కాదు. మూత్రంతో పోవాల్సిన విషాలు ఒంట్లోనే నిలిచాయి. పొటాషియం రక్తంలో పేరుకుని గుండె వేగాన్ని తగ్గించేస్తోంది.

మూడోరోజు మనవడు గంపలో పెట్టి ఆటోలో నెల్లూరు తీసుకెళ్లాడు, పెద్దమ్మ వెంట వెళ్లింది. గంట ప్రయాణం కూడా లేదు. డాక్టరు సన్నగొట్టం పెడితే నెత్తురు కలిసిన మూత్రం వచ్చింది. సెలైన్ ఎక్కించారు. ఒళ్లు అప్పటికే చల్లబడింది. మధ్యాహ్నానికి వాడు పోయాడు.

ఇంటి దగ్గర మిగతా పిల్లులున్నాయని విని డాక్టరు కూచోబెట్టి చెప్పాడు. మగపిల్లి పదేపదే కూచుని చుక్క పడకపోతే సాయంత్రం దాకా కూడా ఆగకూడదు. నోరు తెరిచి ఊపిరి తీసినా, చిగుళ్లు పాలిపోయినా, వెనక కాళ్లు ఈడ్చినా అంతే. రోజంతా తిండి ముట్టకపోతే తీసుకురావాలి. పిల్లి నొప్పిని దాచుకుంటుంది కాబట్టి అది బయటపడే వేళకు రోగం ముదిరి ఉంటుంది.

"మొదటిరోజే తెచ్చుంటే చాలావరకు బతికేవాడమ్మా. పొత్తికడుపులో గట్టిగా చేతికి తగిలేది."

"తగిలింది సామీ," అంది పెద్దమ్మ. "మొన్ననే తగిలింది."