పల్నాటి వీరచరిత్ర కర్త ఎవరు? శైలి ఎంతవరకు చెబుతుంది?

పల్నాటి వీరచరిత్ర అనగానే శ్రీనాథుడి పేరు నోటికొస్తుంది. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దాన్ని అచ్చువేయించారు. పేరును పక్కనపెట్టి రాతను బట్టే కర్తను పట్టే విద్య అంతకన్నా చాలా పాతది. 1440లో లొరెంజో వల్లా ఒక పాత దానపత్రంలోని లాటిన్ ఆ కాలపుది కాదని తేల్చి, అది దొంగదని నిరూపించాడు. తర్వాత లెక్కలు వచ్చాయి. 1964లో మోస్టెల్లర్, వాలెస్ చిన్నచిన్న మాటల వాడుకను లెక్కగట్టి అమెరికా ఫెడరలిస్ట్ వ్యాసాల్లో ఏది ఎవరిదో చెప్పారు. 2012లో హలీమ్ సయూద్ అరబ్బీలో ఖురాన్‌ను హదీసులతో పోల్చి, రెండూ ఒకరి మాటలు కావన్నాడు.

అక్కడే చిక్కు. పారాయణ గ్రంథానికీ సంభాషణకీ మధ్య కనిపించే తేడా మనిషిదా, ప్రక్రియదా? పల్నాటి విషయంలోనూ ఇదే ప్రశ్న. శ్రీనాథుడి శృంగారనైషధం సంస్కృత సమాసాల పద్యకావ్యం, వీరచరిత్ర మంజరీ ద్విపద. రెండింటి నడకా వేరని చూపడం సులువు, దాంతో రుజువయ్యేది మాత్రం ఏమీ లేదు. శ్రీనాథుడిదని నిస్సందేహంగా చెప్పగల ద్విపద కావ్యం ఒక్కటీ మిగల్లేదు మరి, దేనితో పోలుస్తాం? కవి వేషం మార్చినా అలవాట్లు దాగవంటారు. నిజమే, కానీ ఏది అలవాటో, ఏది ఛందస్సు చేయించిందో విడదీయాలి. ద్విపదలో మూడో గణం మొదటి అక్షరం యతి కోసం కుదరాలి, కాబట్టి అక్కడ పడే మాట కవి ఇష్టం ఒక్కటే కాదు. మంజరిలో ప్రాస నియమం లేదు. అయినా కవి దాన్ని ఎంత తరచుగా పాటించాడన్నది అతని సొంత అలవాటు. లెక్కపెట్టవలసింది అది.

ఇంకో అభ్యంతరం బలమైనది: ఇది పాటగా బతికిన కథ. కారెంపూడి వీరుల తిరునాళ్లలో వీరవిద్యావంతులు పాడేది అదే. జీన్ రోఘైర్ ఈ కథపై 1982లో ప్రచురించిన పుస్తకానికి గాయకుడు అలిసెట్టి గాలెయ్య గానమే ఆధారం. ఓరుగల్లు వీధిలో ఈ కథ పాడటాన్ని క్రీడాభిరామం అనే పాత కృతి చిత్రించింది. ఇన్ని నోళ్లు దాటిన పాఠంలో ఒకే కవి వేలిముద్ర వెతకడం దండగ. ఏ భాగం ఒక చేతిది, ఎక్కడ చెయ్యి మారింది అని అడగడం మేలు. పేరు తేల్చాలనే పట్టుదల ఉంటే, వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న క్రీడాభిరామం దగ్గర మొదలుపెట్టాలి. అది శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించారు. పద్యాన్ని పద్యంతో పోల్చే వీలు అక్కడుంది. పోలికలున్న పద్యాలు మాత్రం చాలవు, ఎవరైనా ఎత్తుకోవచ్చు. ఎత్తుకోవాలని ఎవరికీ తోచని చిన్న మాటలే సాక్ష్యానికి పనికొస్తాయి.