శంషాబాద్ దాకా నాలుగు, దుబాయ్‌కి నాలుగు

రాత్రి ఎనిమిది. మాక్లూర్‌లో ఇంటి ముందు కారు డిక్కీ తెరిచే ఉంది, వాకిట్లో తూకం నడుస్తోంది. దుబాయ్ పోయే పిల్లగాడు అట్టపెట్టెను కొక్కెం కాంటాకు తగిలించి రెండు చేతులా లేపుతాడు. ముల్లు ముప్పై దాటి ఊగుతుంది. టికెట్‌లో ముప్పై కిలోలే.

"అవ్వా, తొక్కు సీసా తియ్యి."

అవ్వ తొక్కు ముట్టదు, సకినాల పొట్లం తీస్తుంది. మళ్లీ కాంటా. ఇరవై తొమ్మిదిన్నర. టేపు చుట్టి, ప్లాస్టిక్ తాడు బిగించి, మార్కర్‌తో పేరూ ఫోన్ నంబరూ రాస్తాడు.

మీదీ అదే విమానం కాబట్టి వెనక సీట్లో పిల్లగాడి కాకా పక్కన సర్దుకుంటారు. డిచ్‌పల్లి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి. ఎడమకు పోతే జక్రాన్‌పల్లి. అక్కడ విమానాశ్రయం వస్తుందనే మాట ఏళ్లుగా నడుస్తోంది. వస్తే మంచిదే, ఈ రాత్రికి మాత్రం కుడికే తిరగాలి. ఇందల్వాయి టోల్, కామారెడ్డి, తూప్రాన్, మేడ్చల్, ఆ తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు.

"మా కాలంల బొంబాయి పోయి ఎక్కేది," అంటాడు కాకా. "ఆడ ఏజెంటు రూముల పడుండుడు. ఫ్లైటు ఎప్పుడో ఎవనికి తెల్సు?"

2008 మార్చిలో మొదలైన శంషాబాద్ విమానాశ్రయం ముందు కారు ఆగేసరికి పన్నెండు. టికెట్ లేనివాళ్లు గేటు దగ్గరే ఆగిపోతారు. పిల్లగాడు పదో తరగతి తప్పాడు, పాస్‌పోర్టు ఈసీఆర్. అంటే గల్ఫ్‌లో పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. కౌంటర్‌లో అధికారి కాగితం తిప్పి తిప్పి చూస్తాడు. ముద్ర పడ్డాక గానీ పిల్లగాడి భుజాలు దిగవు. "అయిపోయింది, మీరు పోండి," అని ఫోన్‌లో చెబితే కాకా వాళ్లు బండి తిప్పుకుంటారు.

నాలుగింటికి చక్రాలు నేల విడుస్తాయి. కారు అప్పటికి కామారెడ్డి దరిదాపుల్లో ఉంటుంది.

గాలిదారిలో దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు. గంటకు ఎనిమిది వందల యాభై లెక్కన మూడు గంటల్లో అయిపోవాలి. కానీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ విమానానికి ఆ వేగం ఉండదు, పైగా చలికాలంలో పడమటి గాలి ఎదురు కొడుతుంది. అందుకే నాలుగు గంటలు. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తే మూడున్నరకే దిగొచ్చు. కారులో రెండొందల పైచిలుకు కిలోమీటర్లకు పట్టినంత సేపే ఇక్కడ దేశం దాటి, అరేబియా సముద్రం దాటడానికి పడుతుంది. రోడ్డు మీది నాలుగు గంటలే ఎక్కువ నడుం విరుస్తాయి, నన్నడిగితే.

దిగేసరికి మన గడియారంలో ఎనిమిది, అక్కడ ఆరున్నర. పిల్లగాడు ఫోన్ చూసి, మీ వైపు తిరిగి, "గంటన్నర మిగిలిందన్నా," అని నవ్వుతాడు.

అది ఇమిగ్రేషన్ లైన్‌లోనే కరిగిపోతుంది. బయట కంపెనీ మనిషి పేర్లు పిలుస్తూ బస్సు చూపిస్తాడు.

"క్యాంపు ఎంత దూరం?"

"గంట. ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువ."